గీతల లైటు

లైటు వెలుగుతూనే ఉంది. ఈ మాట నేను ఆ రోజు తెల్లవారకముందే చెప్పి ఉండాల్సింది. పదకొండు రోజుల తర్వాత చెప్పాను.

ముప్పై నాలుగేళ్ళు స్టీరింగు పట్టుకున్నవాణ్ణి. ఇప్పుడు కర్ణాటకలోని మా పావగడ చుట్టుపక్కల కొత్తగా లైసెన్సు తీసుకుని సోలార్ కంపెనీల బండ్లు తోలుతున్న కుర్రవాళ్ళు నన్ను టీ కొట్టు దగ్గర చూస్తే, "పెద్దాయనా, నీ అనుభవాలు చెప్పు" అంటుంటారు. ఘాటు రోడ్డులో బ్రేకు ఫెయిలైన కథ లాంటివి వాళ్ళకు కావాలి. అలాంటివీ ఉన్నాయి నా దగ్గర. అవి చెప్పడం సులువు, ఎందుకంటే వాటిలో నేను బాగా కనబడతాను. ఇది అలాంటిది కాదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఎదురుగా కూర్చుని చెబితే మధ్యలో ఎక్కడో నన్ను నేను కాపాడుకుంటానని భయం.

మాది మంగళవాడ. వేరుశనగ పండితే తినడం, లేకపోతే ఊరు వదిలి పని వెతుక్కోవడం. నేను రెండో దారిలో లారీ ఎక్కి, వయసు మీద పడ్డాక, సోలార్ పార్కు వచ్చిన తర్వాత, ఒక ప్లాంటులో జీపు డ్రైవరుగా కుదురుకున్నాను. పని చిన్నది. పట్నంలో అద్దెకున్న ఇంజనీర్లను తెల్లవారుజామున ప్లాంటుకు చేర్చాలి, సాయంత్రం తిరిగి దింపాలి. లారీ తోలినవాడికి అది విశ్రాంతి కిందే లెక్క. నేనూ అలాగే అనుకున్నాను.

ప్యానెళ్ళు కడిగేవాళ్ళ వేళలు వేరు. ఎండెక్కాక అద్దం కాలిపోతుంది, దాని మీద నీళ్ళు పోయకూడదు. అందుకని వాళ్ళు నాలుగున్నరకల్లా ప్లాంటులో ఉండి, పొద్దు బాగా ఎక్కేలోగా పని ముగించేవారు. బలసముద్రం నుంచి, క్యాతగానచెర్లు నుంచి సైకిళ్ళ మీద వచ్చేవారు. ఆడవాళ్ళే ఎక్కువ. చాలామందివి తమ కూతుళ్ళకు ఎనిమిదో తరగతిలో సర్కారు ఇచ్చిన సైకిళ్ళు. తల్లి ఎనిమిదిన్నరకు ఇంటికి చేరితే కూతురు అదే సైకిలెక్కి హైస్కూలుకు పోయేది.

పార్కు లోపలి రోడ్డు చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా పాత ఊళ్ళ రోడ్లలో గుంటలుండేవి. వాటి వల్లే బండ్లు మెల్లగా పోయేవి. ఈ రోడ్డు అలా కాదు. నున్నగా, వెడల్పుగా, కంటికి ఆనినంత దూరం వంకర లేకుండా పోతుంది. రెండు పక్కలా కంచె, కంచె వెనక ప్యానెళ్ళు. వీధి దీపాలు లేవు. కానీ చీకటి కూడా పూర్తిగా చీకటి కాదు. కంచె స్తంభాల మీది కెమెరాలకు ఎర్ర చుక్కలు, ఇన్వర్టర్ గదుల తలుపుల మీద ఎర్ర చుక్కలు, దూరంగా సబ్‌స్టేషను టవరు మీద వెలిగి ఆరే ఎర్ర దీపం. ఆ చుక్కల మధ్య నుంచి నేను రోజూ పోయేవాణ్ణి. కొన్నాళ్ళకు అవి నాకు కనబడటమే మానేశాయి.

మా ప్లాంటు సేఫ్టీ ఆఫీసరు తుమకూరు నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళ యువకుడు. తెలుగు మాట్లాడేవాడు, కానీ కోపమొస్తే కన్నడంలోకి పోయేవాడు. ఒక తెల్లవారుజామున నీళ్ళ టాంకరు ఒక సైకిలును రాసుకుంటూ పోవడం చూసి ఆయనకు నిద్ర పట్టలేదట. బెంగళూరు పోయి ఒక పెట్టె నిండా కొత్త రకం లైట్లు తెచ్చాడు. సైకిలు వెనక బిగించే లైటు అది. మధ్యలో ఎర్ర బల్బు టపటపా కొట్టుకుంటుంది. దాని కింద నుంచి రెండు సన్నటి ఎర్రగీతలు, కుడికొకటి ఎడమకొకటి, రోడ్డు మీద పడతాయి. సైకిలు పోతుంటే గీతలూ దానితో పాటే పోతాయి. బండ్లవాళ్ళు ఆ గీత దాటి దగ్గరికి రారని ఆయన నమ్మకం.

యార్డులో దీపాలు ఆర్పి అందరికీ చూపించాడు. ఆడవాళ్ళు చుట్టూ చేరి నవ్వారు. బలసముద్రం నుంచి వచ్చే ఒకామె, ముప్పై అయిదేళ్ళుంటాయి, భర్త గొర్రెలు మేపుతాడు, సైకిలెక్కి యార్డు చుట్టూ రెండు చుట్లు తిరిగి వచ్చింది.

"ఇది బలే ఉండాదప్పా. నా రోడ్డు నేనే ఎంట తీసకపోతాండా" అంది.

సేఫ్టీ ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. ఆ మాట ఆయన చాలామందికి చెప్పుకున్నాడు. దాన్ని గీతల లైటు అనడం అప్పటి నుంచే మొదలైంది. లైటు లేకుండా వస్తే గేటు దగ్గర వెనక్కి పంపుతామని నియమం పెట్టారు.

ఆ లైట్లు వచ్చాక నా తోలుడులో ఒక మార్పు వచ్చింది. దాన్ని తర్వాత చెబుతాను. నేను కూడా దాన్ని అన్నిటికంటే చివర ఒప్పుకున్నాను.

అది చలికాలం. ఆ రోజు నేను తీసుకుపోవలసిన ఇంజనీరు సెలవు పెట్టాడు. స్టోరు సామాను చేర్చాలి కాబట్టి బండిలో నేనొక్కణ్ణే బయల్దేరాను. నాలుగు దాటింది. పార్కు రోడ్డు మీద అంతకుముందే ఏదో టాంకరు పోయినట్టుంది, ఒలికిన నీళ్ళతో తారు తడిసి నా హెడ్‌లైట్లకు మెరుస్తోంది. ఎడమ పక్కన ఒక ఎర్ర చుక్క కొట్టుకుంటోంది. చూశాను. కెమెరా అనుకున్నాను. దాని వెనక ఇంకో నాలుగు చుక్కలు వరుసగా ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి అనుకున్నాను. గీతలు కనబడలేదా అని తర్వాత చాలామంది అడిగారు. నా లైట్ల తెల్లటి వెలుగు పడ్డ తడి రోడ్డు మీద ఆ సన్నటి ఎరుపు ఎక్కడుందో నాకు తెలియలేదు. చుక్క కంచె మీద లేదు, రోడ్డు మీద ఉంది అని తెలిసిన క్షణానికి చీర కొంగు కూడా కనబడింది. బ్రేకు తొక్కి కుడికి తిప్పాను. బండి ఎడమ మూల సైకిలు హ్యాండిలును తాకింది.

దిగి పరిగెత్తాను. రోడ్డు పక్క కాలువలో ఆమె కూర్చుని ఉంది. కూర్చోవడం కాదు, పడిన మనిషి మోచేతుల మీద లేచింది.

"అన్నా, నువ్వా?" అంది. ఆ బలసముద్రం ఆమే. తెలిసినవాడు వచ్చాడన్న ధైర్యం ఉంది ఆ గొంతులో. "కాలు సూడన్నా. కాలు నాది కాదు అన్నట్టుండాది."

మోకాలి కింద కాలు వంగకూడని వైపు వంగి ఉంది. సైకిలు ఆమె పక్కనే పడింది, వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. లైటు చెక్కు చెదరలేదు. గీతలు ఒకటి గడ్డి మీద, ఒకటి ఆమె చీర మీద పడి ఉన్నాయి. మధ్య బల్బు టపటపా కొట్టుకుంటోంది. అది నా కళ్ళలో కొడుతుంటే నాకేమీ తోచలేదు. ఫోను ఎక్కడుందో తెలియలేదు, నీళ్ళు ఎక్కడున్నాయో తెలియలేదు. వంగి దాని బొత్తాం నొక్కేశాను. ఆరిపోయింది.

ఎందుకు ఆపానని నన్ను చాలాసార్లు అడిగారు, నన్ను నేనూ ప్రశ్నించుకున్నాను. సాక్ష్యం చెరిపేద్దామని కాదు, అంత తెలివి ఆ నిమిషంలో నాకు లేదు. తెలివి తర్వాత వచ్చింది. అదే నా తప్పు.

ముందు వచ్చింది మా టాంకరు డ్రైవరు. నాకంటే రెండేళ్ళు పెద్ద, లారీల రోజుల నుంచి స్నేహితుడు. నేను తోలే స్థితిలో లేనని చూసి జీపు తాళాలు తీసుకున్నాడు. ఇద్దరం ఆమెను జీపు వెనక పడుకోబెట్టాం, ఆయనే తాలూకా ఆసుపత్రికి తోలుకుపోయాడు. నేను అక్కడే ఉండిపోయాను. కాసేపటికి షిఫ్టు ఇన్‌చార్జి వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ ప్రతి విషయమూ ఒక పేజీలో ముగిసిపోవాలనుకునే మనిషి. టార్చి వేసి సైకిలు చుట్టూ తిరిగాడు, లైటు దగ్గర ఆగాడు, ఫోనుతో ఫోటో తీశాడు.

"లైటు ఆఫ్‌లో ఉండాది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏసుకోలేదు గదా?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. తల ఊపానో లేదో గుర్తు లేదు. ఊపానని ఆయన రాశాడు.

ఆ ఒక్క వాక్యంతో అంతా సర్దుకుపోయింది. నియమం తప్పి లైటు వేయనిది ఆమె. డ్రైవరు తప్పు లేదు, కంపెనీ తప్పు లేదు, కొత్త లైట్ల తప్పూ లేదు. పోలీసులకు కూడా ఆ కాగితమే వెళ్ళింది. ఆమెను పనిలోంచి తీసేస్తారనీ, ఆసుపత్రి సంగతి వాళ్ళే చూసుకోవాలనీ రెండు రోజుల్లో మాట పాకింది. గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు, లైటు వెలగని సైకిలుకు ప్రవేశం లేదని. మిగతా ఆడవాళ్ళు సైకిలు దిగి లైటు వంక చూసుకుని, చేత్తో తడిమి, మళ్ళీ ఎక్కేవారు.

నేను మాత్రం మామూలుగానే జీపు తోలుతున్నాను. మామూలుగా అంటే బయటికి. ఆ రోడ్డు ఎక్కగానే ప్రతి ఎర్ర చుక్కా మనిషే అనిపించేది. ఒకచోట కంచె స్తంభానికి బ్రేకు వేశాను. వెనక కూర్చున్న ఇంజనీరు ముందు సీటుకు తల కొట్టుకుని, "ఏమైంది?" అన్నాడు. కుక్క అని చెప్పాను. మర్నాడు ఇంకోచోట. మళ్ళీ కుక్కే. ఆ వారం ఆ రోడ్డు మీద లేని కుక్కలన్నీ నాకే అడ్డొచ్చాయి. ఇంట్లో నిద్ర పట్టేది కాదు. పట్టినా కాలు ఊరుకునేది కాదు. పడుకుని బ్రేకు తొక్కుతున్నానని నా భార్య చెప్పింది. "ఎవురు అడ్డం వస్తాండారు నీకు?" అని అడిగింది. ఆమెకూ చెప్పలేదు.

ఒక రోజు టాంకరు డ్రైవరు నీళ్ళు పట్టుకుంటూ నన్ను పిలిచాడు.

"ఆయమ్మ లైటు ఏసుకోకుండా రాదప్పా. నేను దినామూ సూస్తాండా గదా. ఆ పొద్దు ఎట్ల మర్సిపోయిందో" అన్నాడు.

ఆయన నా ముఖంలోకి చూడటం లేదు. పైపు వంక చూస్తున్నాడు. నేను చెప్పడానికి వీలుగానే చూడటం లేదేమో. నేను, "ఏమో, చలి కదా" అని వచ్చేశాను. చలికీ లైటుకూ ఏం సంబంధమో నాకే తెలియదు.

పదో రోజు బలసముద్రం పోయాను. పోవాలనుకుని కాదు. ఆ దారిన బండి పోతుండగా ఆపాను, అంతే. ఆమెను అనంతపురం పెద్దాసుపత్రిలో చూపించి, కాలికి రాడ్డు వేయించి, ముందురోజే ఇంటికి తెచ్చారు. బయట మంచం మీద కూర్చుని ఉంది. దొడ్డి ఖాళీగా ఉంది, భర్త గొర్రెలు తోలుకుపోయాడు. నన్ను చూడగానే చీర సర్దుకుని లేవబోయింది. వద్దన్నాను. కొంచెంసేపు కాలు గురించి మాట్లాడుకున్నాం. తర్వాత ఆమె గొంతు తగ్గించింది.

"అన్నా, ఒకటి అడగాల. నువ్వు కోపం చేసుకోగూడదు."

"అడుగమ్మా."

"నేను లైటు ఏసినట్టే నాకు బాగ గుర్తుండాది. ఊరు దాటినాక సైకిలు నిలిపి ఏసినా. ఎనక్కి తిరిగి గీతలు సూసుకున్నా గూడా. ఆఫ్‌లో ఉండెనంటారు అందరూ. ఫోటో గూడా సూపిచ్చినారు." కట్టు కట్టిన కాలు వంక చూసుకుంది. "కాలు పోతే పోనీ అన్నా. నా బుర్ర చెడిపోయిందేమో అని బయమైతాండాది. లేంది ఉన్నట్టు కనపడతాండాదేమో నాకి."

నేను మంచం కోడు మీది మట్టిని గోటితో గీకుతున్నాను.

"నా వల్ల నీకి గూడా స్టేషను సుట్టూ తిరిగేది వచ్చె" అంది. "మనసులో పెట్టుకోవద్దన్నా. చీకట్లో లైటు లేకుండా వస్తే నువ్వు మాత్రం ఏం జేస్తావు."

ఆమె నన్ను తిట్టి ఉంటే నేను ఇంకొన్నాళ్ళు దాచుకునేవాణ్ణేమో. తిట్టిన మనిషికి ఎదురు చెప్పుకోవచ్చు. ఈమె నాకు క్షమాపణ చెబుతోంది. నీళ్ళు తాగి పొమ్మంది. తాగానో లేదో గుర్తు లేదు. ఆమెకు అక్కడే చెప్పేసి ఉండాల్సింది, ఆ ధైర్యం కూడా లేకపోయింది.

మర్నాడు ప్లాంటుకు పోగానే సేఫ్టీ ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. ఆయన ఏదో రాసుకుంటున్నాడు. నిలబడే చెప్పాను.

"సార్, ఆయమ్మ లైటు వెలుగుతానే ఉండింది. కింద పడినాక ఆపింది నేను."

ఆయన పెన్ను మూత పెట్టాడు. కన్నడంలో ఏదో మొదలుపెట్టి మానుకున్నాడు.

"వెలుగుతాంటే మరి నీకి కనపడలేదా?"

"లైటు కనపడింది సార్. మనిషి కనపల్లేదు. కంచె మీది కెమెరా అనుకున్నా."

ఆయన లేచి తలుపు మూసి వచ్చాడు. నన్ను తిడతాడని ఎదురు చూశాను. ఆయన కుర్చీలో కూర్చుని చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను గూడా ఆఫ్‌లో ఉండిందనే నమ్మినా" అన్నాడు చివరికి. "నమ్మాలనే ఉండింది నాకి. పెట్టె నిండా తెచ్చింది నేను గదా."

ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. రిపోర్టు అప్పటికే పై ఆఫీసుకు పోయింది. కదపకుండా ఉంటే ఆయన లైట్లకు మచ్చ రాదు, నా లైసెన్సుకు మచ్చ రాదు. ఆయన మాత్రం రిపోర్టు వెనక్కి తెప్పించమని షిఫ్టు ఇన్‌చార్జికి ఫోను చేశాడు. తర్వాత నాతో, "అదే రోడ్డు మీద, అదే టైముకి, మళ్ళా చూద్దాం" అన్నాడు.

రెండు రోజులు పోయాక చూశాం. సైకిలు ఆయనే తొక్కుతానన్నాడు. వద్దన్నా వినలేదు. కూలీవాళ్ళను పెట్టి పరీక్ష చేయడం తప్పన్నాడు. ముందుగా ఆయన గీతల లైటు పెట్టుకుని దూరం పోతాడు. వెనక నుంచి జీపు వస్తుంది. జీపు టాంకరు డ్రైవరు తోలుతాడు, పక్కన నేను, వెనక ఇంకో ఇద్దరు డ్రైవర్లు. ముందున్నది మనిషే అని ఖాయంగా తెలిసిన వెంటనే హారను కొట్టాలి. లైటు కనబడితే కాదు, మనిషని తెలిస్తేనే. జీపు మెల్లగా పోవాలనీ, నలుగురూ కళ్ళు పెట్టి చూడాలనీ ఆయన షరతు పెట్టాడు.

మొదటిసారి హారను చాలా ఆలస్యంగా మోగింది. సైకిలు చక్రం పుల్లలు కనబడేంత దగ్గరికి వచ్చాం. ముందుండేది సైకిలే అని ముందే తెలిసిన నలుగురం, కళ్ళు చించుకుని చూస్తున్న నలుగురం, ఏ చుక్క కెమెరాదో ఏ చుక్క ఆయనదో చెప్పలేకపోయాం. గీతలు ఆయన చుట్టూ పడుతూనే ఉన్నాయి. ఆగి దిగి చూస్తే కనబడుతున్నాయి. బండిలోంచి లేవు.

రెండోసారి తిరిగి వస్తుండగా టాంకరు డ్రైవరు ఉన్నట్టుండి హారను కొట్టాడు. "మనిషి" అన్నాడు. అది సేఫ్టీ ఆఫీసరు కాదు. ఆయన ఇంకా ఎంతో ముందున్నాడు. దూరంగా రోడ్డు అంచున రెండు వెండి మచ్చలు ఒకటి విడిచి ఒకటి పైకీ కిందికీ కదులుతున్నాయి. దగ్గరికి పోతే ప్యానెళ్ళు కడిగే ఒకాయన రబ్బరు గంబూట్లు వేసుకుని ప్లాంటుకు నడిచి పోతున్నాడు. గంబూట్ల చుట్టూ మెరిసే పట్టీ ఉంది, లైటు పడితే వెనక్కి కొట్టే పట్టీ. చేతిలో టార్చి కూడా లేదు ఆయనకు.

సేఫ్టీ ఆఫీసరు సైకిలు మీద వచ్చి విన్నాడు. జీపులోంచి పాత సేఫ్టీ జాకెట్టు ఒకటి తీసి, దాని మెరిసే పట్టీలు కత్తిరించి, ప్యాంటు మీద రెండు చీలమండలకూ కట్టుకున్నాడు. గీతల లైటు ఆపేసి తొక్కుకుంటూ పోయాడు. ఈసారి మేం ఎక్కడున్నామో, ఆయన ఎక్కడున్నాడో, అంత దూరం నుంచే హారను మోగింది. కాళ్ళు పైకీ కిందికీ ఆడుతుంటే అది ఏమిటని ఆలోచించే పని లేదు. సైకిలు తొక్కే మనిషి. మా వెనక కూర్చున్న డ్రైవరు కూడా "ఆడ ఉండాడు" అని వేలు చూపించాడు.

సేఫ్టీ ఆఫీసరు వెనక్కి వచ్చేసరికి ముఖం నిండా చెమట, చలిలో. సంతోషంగా ఉన్నాడు. దాదాపు రెండు వారాల తర్వాత ఆయన నవ్వడం చూశాను. నేనూ తేలికపడ్డాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. తప్పు లైటుదని తేలిపోయింది కదా. చుక్కల్లో కలిసిపోయే లైటిచ్చారు, ఎవరైనా అలాగే పొరబడతారు. నలుగురూ పొరబడ్డారు. నేను సీటులో వెనక్కి వాలాను.

అప్పుడు టాంకరు డ్రైవరు ఇంజను ఆపాడు.

"నాకొకటి తెలీలేదప్పా" అన్నాడు నాతో. "మొదటి తూరి మనకి కనపడింది దగ్గరికి పోయినాకనే. అయినా నేను నిలిపినా గదా. ఇద్దరు మనుషులు పట్టేంత జాగా మిగిలింది ఆయప్పకీ నాకీ మధ్య. ఆ పొద్దు నువ్వు ఇదే స్పీడులో పోతాంటివా?"

మా జీపు కాంట్రాక్టరు బాడుగ బండి, వేగం రాసిపెట్టే యంత్రం దానిలో లేదు. నేనేం చెబితే అదే నిజం. సేఫ్టీ ఆఫీసరు కిటికీ పక్కన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లేదు" అన్నాను.

అప్పుడు చెప్పాను, దాచుకున్నది. గీతల లైట్లు రాకముందు నేను ఆ రోడ్డు మీద భయపడుతూ తోలేవాణ్ణి. చీకట్లో ఎక్కడ ఎవరుంటారో తెలియదు, అందుకని కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉండేది. లైట్లు వచ్చాక సైకిలువాళ్ళందరికీ గీతలుంటాయి, గీతలు లేని చోట ఎవరూ లేనట్టే అని నా మనసు లెక్క వేసుకుంది. నేను కూర్చుని ఆలోచించి వేసిన లెక్క కాదు. కాలు దానంతటది నేర్చుకుంది. రోజుకు కొంచెం కొంచెంగా వేగం పెంచింది. ఆ తెల్లవారుజామున మేం ఇప్పుడు పోయిన దానికి రెండింతలకు పైగా పోతున్నాను. నేను తొందరలో కూడా లేను. స్టోరు సామాను కోసం ఎవరూ ఎదురు చూడటం లేదు.

వెనక కూర్చున్న ఇద్దరిలో ఒకడు, "నేనూ అంతేన్నా" అన్నాడు మెల్లగా. రెండోవాడు ఆ తర్వాత చాలా రోజులు నా కళ్ళలోకి చూడలేదు.

సేఫ్టీ ఆఫీసరు నవ్వు పోయింది. సైకిలుకు స్టాండు వేసి రోడ్డు మీదే కూర్చున్నాడు. "లైటు వాళ్ళకిస్తే ధైర్యం మీకి వచ్చింది" అన్నాడు. అంత కంటే ఎక్కువ తిట్టలేదు.

తర్వాత జరిగినవి త్వరగా చెబుతాను. స్టేషనులో మళ్ళీ రాసిచ్చాను. కోర్టులో ఒప్పుకున్నాను, జరిమానా పడింది, కొన్ని నెలలు లైసెన్సు ఆపారు. కంపెనీ నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టింది, వచ్చే బండ్ల నంబర్లు రాసుకోమని. రిపోర్టు మారింది, ఆమె పని ఆమెకు మిగిలింది, ఆసుపత్రి సంగతి కంపెనీయే చూసుకుంది. షిఫ్టు ఇన్‌చార్జికి నా మీద కోపం చాన్నాళ్ళు పోలేదు, ఒక పేజీ కాస్తా పన్నెండు పేజీలైందని. సైకిలువాళ్ళందరికీ చీలమండల పట్టీలిచ్చారు. గీతల లైట్లు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ తీసేయలేదు. వెనక సైకిలు మీద వచ్చేవాడికి, నడిచేవాడికి అవీ పనికొస్తాయి. రోడ్డు మీద వేగం తగ్గించే దిబ్బలు వేయాలని సేఫ్టీ ఆఫీసరు ప్రతి నెలా ఉత్తరం రాసేవాడు. అవి పడేసరికి ఆయనకు బదిలీ అయిపోయింది.

కొత్త లైట్లతో చీకట్లో సైకిలు తొక్కేవాళ్ళకు అపాయం తగ్గుతుందా అని కుర్రవాళ్ళు అడుగుతారు. తగ్గుతుందనే అంటాను, వెనక వచ్చేవాడు లైటు లేనట్టే తోలితే. ఈ జవాబు వాళ్ళకు నచ్చదు. ఏ లైటు కొనాలో చెబుతానని వాళ్ళు అనుకుంటారు.

ఆమెకు నేనే పోయి చెప్పాను, పరీక్ష అయిన రోజే. లైటు వేశావమ్మా, ఆపింది నేను, స్పీడుగా వచ్చింది నేను అన్నాను. భర్త కూడా ఉన్నాడు. ఆయన లేచి నా మీదికి వచ్చాడు. ఆమె ఆపింది. ఆపి, నా వంక చూడకుండా, "అయితే నాకేం కాలేదన్నమాట. నా బుర్రకి" అంది. ఏడ్చింది. నన్ను కూర్చోమనలేదు, ఆ రోజు నీళ్ళూ ఇవ్వలేదు. నేను ఆశించనూ లేదు.

ఎనిమిది నెలలకు ఆమె మళ్ళీ పనిలోకి వచ్చింది. కొంచెం కుంటుతుంది, కానీ సైకిలు తొక్కగలదు. నాకప్పటికి లైసెన్సు తిరిగి వచ్చి, జీపు ఇచ్చారు. రిటైరు కావడానికి ఇంకో సంవత్సరం ఉంది. ఆ మొదటి వారంలోనే ఒక తెల్లవారుజామున పార్కు రోడ్డు మీద దూరంగా రెండు కాళ్ళు కనబడ్డాయి. ఒక కాలు నిండుగా తిరుగుతోంది, ఒకటి సగంలో ఆగి తిరుగుతోంది. ఆమే అని తెలిసిపోయింది.

వేగం తగ్గించాను. దాటిపోకుండా వెనకే ఉండిపోయాను, చాలా దూరం విడిచి, నడక వేగంతో. నా లైట్ల వెలుగు ఆమె ముందు రోడ్డు మీద పడుతుంది, వెనక నుంచి ఇంకే బండి వచ్చినా ముందు నన్ను దాటాలి అనుకున్నాను. ప్లాంటు గేటు దాకా అలాగే తోడుండాలనుకున్నాను. మనసులో ఏదో మంచి పని చేస్తున్నట్టుంది.

కొంతదూరం పోయాక ఆమె సైకిలు ఆపింది. దిగి, రోడ్డు పక్కకు తీసుకుపోయి, కంచెకు ఆనించి నిలబెట్టింది. నేనూ ఆపాను. ఆమె కుంటుకుంటూ జీపు దగ్గరికి వచ్చింది. కిటికీ దించాను.

"ముందరికి పో అన్నా" అంది.

"ఎనకాల ఉంటాలేమ్మా. ఎవురూ రాకుండా..."

"నువ్వు ఎనకాల ఉంటే తొక్కలేకపోతాండా" అంది. కోపం లేదు ఆ మాటలో. ఉన్న సంగతి చెప్పింది. "కాళ్ళు వణుకుతాండాయి. పో."

అవతలి అంచు దాకా బండి జరిపి, ఆమెను దాటి ముందుకు పోయాను. అద్దంలో చూశాను. ఆమె ఇంకా సైకిలెక్కలేదు. నా బండి దూరం పోయేదాకా కంచె పక్కన అలాగే నిలబడి ఉంది.